టెర్మినల్ తెరవగానే ఏమేం నడుస్తాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం షెల్ (మనం టెర్మినల్‌లో కొట్టే ఆదేశాల్ని తీసుకుని నడిపే ప్రోగ్రాము, ఉబుంటులో దాని పేరు బాష్) మొదలయ్యేటప్పుడు జరిగే పనుల గురించే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఆపి, వీటినే తీసుకున్నాను. ఆదేశాలు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగులో ఉన్నా, కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. టెర్మినల్ తెరిచి "ఎకో $$" అని కొడితే 5120 వచ్చింది. అది బాష్ ప్రాసెస్ నంబర్ అని తెలుసు. వెంటనే "పీఎస్" కొట్టాను. దాని నంబర్ 5134. మధ్యలో నేనేమీ నడపలేదు. మరి 5121 నుంచి 5133 దాకా ఎవరు వాడుకున్నట్టు? పీఎస్ జాబితాలో అవేవీ లేవు. "జాబ్స్" కొడితే ఖాళీ. హ్యాక్ అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టెయ్ అంటోంది నా ఫ్రెండ్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫార్మాట్ జోలికి వెళ్లకండి. హ్యాక్ అనుకోవడానికి ఈ నంబర్లు ఆధారం కావు. కానీ మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. ఏళ్ల తరబడి టెర్మినల్ వాడేవాళ్లలో కూడా ఆ రెండు నంబర్ల మధ్య ఖాళీని గమనించేవాళ్లు తక్కువ.

లైనక్స్‌లో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) నంబర్లు వరుసగా ఇచ్చుకుంటూ పోతారు. ఒక ప్రోగ్రాము పుట్టి, పని చేసి, ముగిసిపోయినా ఆ నంబర్ వెంటనే ఇంకొకరికి ఇవ్వరు. పైదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాకే తిరిగి వాడతారు. ఇప్పటి 64 బిట్ ఉబుంటులో ఆ పై హద్దు 41,94,304. కాబట్టి మీకు కనపడని నంబర్లు ఎక్కడో దాక్కున్న ప్రోగ్రాములవి కావు, అప్పటికే పని ముగించుకుని వెళ్లిపోయినవి. పీఎస్ ఆ క్షణంలో బతికి ఉన్నవాటినే చూపిస్తుంది. జాబ్స్ అయితే ఇంకా తక్కువ. ఆ షెల్‌లో మీరు చివర & పెట్టి నడిపినవి, కంట్రోల్-జెడ్ కొట్టి ఆపినవి, అంతే.

ఇంకో మాట. వీటిని చాలామంది బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రాములు అంటారు గానీ, వీటిలో దాదాపు ఏదీ వెనకాల నడవదు. బాష్ ఒక్కొక్కదాన్నీ నడిపి, అది ముగిసేదాకా ఆగి, తర్వాతి లైనుకు వెళ్తుంది. అన్నీ అయ్యాకే మీకు ప్రాంప్ట్, అంటే ఆదేశం కొట్టే చోటు, ఇస్తుంది. ఇదంతా సెకనులో చిన్న వంతులో అయిపోతుంది కాబట్టి మన కంటికి ఆనదు. నిజంగా వెనకాల మిగిలిపోయే రకం వేరే ఉంది, దాని గురించి కింద మరొకరు అడిగారు.

ఎవరు నడిపారన్నది ఇప్పుడు చూద్దాం. బాష్ తనంతట తాను మొదలవుతూ బయటి ప్రోగ్రాము ఒక్కటి కూడా నడపదు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. మొదలయ్యేటప్పుడు ఏది నడిచినా, ఎక్కడో ఒక ఫైల్లో దాని పేరు రాసి ఉంటుంది. ఆ ఫైళ్లు మామూలు టెక్స్ట్ ఫైళ్లు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మీరు టెర్మినల్ విండో తెరిచినప్పుడు ఉబుంటులో చదివేవి రెండు. మొదట అందరికీ ఉమ్మడిగా ఉండే "/ఈటీసీ/బాష్.బాష్‌ఆర్‌సీ", తర్వాత మీ హోమ్‌లో ఉండే ".బాష్‌ఆర్‌సీ". లాగిన్ షెల్ (సిస్టమ్‌లోకి లాగిన్ అయినప్పుడు మొదలయ్యే షెల్) అయితే దారి వేరు. "/ఈటీసీ/ప్రొఫైల్" చదివి, ఆ తర్వాత మీ హోమ్‌లో ".బాష్_ప్రొఫైల్", ".బాష్_లాగిన్", ".ప్రొఫైల్" అనే మూడింటిలో మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. మూడూ ఉంటే మూడూ చదువుతుందనుకుని తికమకపడేవాళ్లు ఎంతమందో.

మీ .బాష్‌ఆర్‌సీని ఒకసారి తెరవండి. పైనుంచి కాస్త కిందికి వస్తే "లెస్‌పైప్" అనే పేరుతో ఒక లైను కనిపిస్తుంది. జిప్ లాంటి ఫైళ్లను కూడా "లెస్"తో చూడగలిగేలా రెండు వేరియబుల్స్ ఏర్పాటు చేయడం దాని పని. అది స్వయంగా ఒక షెల్ స్క్రిప్టు. తన పేరు, తానున్న డైరెక్టరీ తెలుసుకోవడానికి "బేస్‌నేమ్", "డర్‌నేమ్" అనే మరో రెండు ప్రోగ్రాముల్ని పిలుస్తుంది. ఒక్క లైనుకు మూడు ప్రోగ్రాములు అయ్యాయి చూడండి. ఇంకొంచెం కింద "డర్‌కలర్స్". ఎల్ఎస్ కొట్టినప్పుడు డైరెక్టరీలు నీలం రంగులో, ఆర్కైవ్‌లు ఎరుపులో వచ్చేలా రంగుల పట్టిక తయారు చేసి ఇచ్చేది అదే.

నాకు బాగా నచ్చేది "/ఈటీసీ/బాష్.బాష్‌ఆర్‌సీ"లో ఉంది. కొత్తగా ఉబుంటు వేసుకున్నప్పుడు టెర్మినల్ తెరిస్తే, అడ్మినిస్ట్రేటర్‌గా ఆదేశం నడపాలంటే సుడో వాడమని ఒక సూచన వస్తుంది, గుర్తుందా? ఆ సూచన ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి "గ్రూప్స్" అనే ప్రోగ్రాము నడుస్తుంది. మీరు సుడో గ్రూపులో ఉన్నారో లేదో చూస్తుంది. మీరు మొదటిసారి సుడో విజయవంతంగా వాడగానే మీ హోమ్‌లో ".సుడో_యాజ్_అడ్మిన్_సక్సెస్‌ఫుల్" అనే ఖాళీ ఫైలు పడుతుంది. ఆ రోజు నుంచి ఆ సూచన రాదు, గ్రూప్స్ కూడా నడవదు. అంటే మీ లాప్‌టాప్‌లో, మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో ఈ లెక్క వేరుగా ఉండొచ్చు, రెండూ సరైనవే కావొచ్చు.

ఇవన్నీ కలిపినా పదమూడు కాలేదు కదా. మిగతావాటికి రెండు కారణాలు. ఒకటి, బాష్‌లో $ పక్కన బ్రాకెట్లు పెట్టి ఏది రాసినా, లోపల ఉన్నది బాష్ సొంత ఆదేశమే అయినా, సాధారణంగా బాష్ తన నకలు ఒకటి పుట్టించి అందులో నడుపుతుంది. ఆ నకలుకూ ఒక నంబర్ పోతుంది. రెండోది, ఆ నంబర్లు మీ షెల్ ఒక్కదానివే కావు. మొత్తం సిస్టమ్‌కు వరుస ఒక్కటే. పైగా ప్రతి థ్రెడ్ (ఒక ప్రోగ్రాము లోపలే సమాంతరంగా నడిచే పని) కూడా ఆ వరుసలోంచే నంబర్ తీసుకుంటుంది. మీరు అటు టైప్ చేస్తుండగా ఇటు బ్రౌజర్ నాలుగు థ్రెడ్లు పుట్టిస్తే నాలుగు నంబర్లు దాటిపోయినట్టే. అందుకే టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ తేడా ఒకేలా రాదు.

నా మాట నమ్మి వదిలేయకండి, చూసి తేల్చుకోండి. టెర్మినల్‌లో "బాష్ --నోఆర్‌సీ" కొట్టండి. ఇది ఆ రెండు ఫైళ్లనూ చదవకుండా కొత్త షెల్ తెరుస్తుంది. అందులో మళ్లీ "ఎకో $$", వెంటనే "పీఎస్". బ్రౌజర్ వగైరా మూసేసి సిస్టమ్ ప్రశాంతంగా ఉన్నప్పుడు చేస్తే రెండు నంబర్లూ దాదాపు పక్కపక్కనే వస్తాయి. మధ్యలో ఖాళీ పోయిందంటే దానికి కారణం ఆ ఫైళ్లే.

ఇంకా లోతుగా చూడాలంటే "ఎస్‌ట్రేస్" ఇన్‌స్టాల్ చేసుకుని ఇది కొట్టండి:

ఎస్‌ట్రేస్ -ఎఫ్ -ఈ ట్రేస్=ఎగ్జెక్‌వీఈ -ఓ జాడ.టెక్స్ట్ బాష్ -ఐ

లోపలి షెల్ రాగానే "ఎగ్జిట్" కొట్టి బయటికి వచ్చి, జాడ ఫైలు తెరవండి (పేరు మీ ఇష్టం). ఎగ్జెక్‌వీఈ అంటే ఒక ప్రోగ్రామును నడపమని కెర్నల్‌ని అడిగే పిలుపు. కాబట్టి నడిచిన ప్రతి ప్రోగ్రాము ఒక్కో లైనుగా, ముందు తన ప్రాసెస్ నంబర్‌తో సహా ఉంటుంది. లెస్‌పైప్, దాని కింద బేస్‌నేమ్, డర్‌నేమ్, ఆ తర్వాత డర్‌కలర్స్. మీకు తెలియని పేరు ఏదైనా అందులో కనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఆ ఫైలు మీ ఫ్రెండ్‌కి కూడా చూపించండి.

ప్రశ్న: టెర్మినల్ తెరిస్తే ప్రాంప్ట్ రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది. ఒకప్పుడు ఇలా లేదు. ఎక్కడ ఆగుతోందో ఎలా కనుక్కోవాలి?

జవాబు: ముందు కొలవండి. "టైమ్ బాష్ -ఐ -సీ ఎగ్జిట్" కొడితే మొదలవడానికి ఎంత పట్టిందో వస్తుంది. తర్వాత ఏ లైను దగ్గర ఆగుతోందో చూడాలి. బాష్‌కి "-ఎక్స్" ఇస్తే తాను నడిపే ప్రతి లైనునూ నడిపే ముందు చూపిస్తుంది. ఆ లైను ముందు ఏం రాయాలో "పీఎస్4" అనే వేరియబుల్ చెబుతుంది. మామూలుగా అక్కడ ఒక ప్లస్ గుర్తు మాత్రమే ఉంటుంది. అందులో టైము, ఫైలు పేరు, లైను నంబర్ కూడా పెట్టేస్తే మీ పని సగం అయిపోయినట్టే:

పీఎస్4='+ $ఎపాక్‌రియల్‌టైమ్ $బాష్_సోర్స్:$లైన్‌నో ' బాష్ -ఐ -ఎక్స్ -సీ ఎగ్జిట్ 2> జాడ.టెక్స్ట్

ఈ నాలుగు వేరియబుల్ పేర్లూ పెద్దక్షరాలు. పీఎస్4కి ఒంటి కోట్లే వాడాలి. జంట కోట్లు వాడితే ప్రతి లైనుకూ కొత్తగా రావాల్సిన టైము ఒక్కసారే పడి, అన్ని లైన్లకూ అదే కనిపిస్తుంది. ఎపాక్‌రియల్‌టైమ్ అనేది 2019లో వచ్చిన బాష్ 5.0 నుంచి ఉంది. మాక్‌తో వచ్చే పాత బాష్ 3.2లో ఇది పని చేయదు.

ఆ ఫైల్లో వేల లైన్లుంటాయి, కంగారు పడకండి. ట్యాబ్ కొడితే పేర్లు పూర్తి చేసే బాష్-కంప్లీషన్ ఒక్కటే చాలా లైన్లు తీసుకుంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం బాష్ సొంత ఆదేశాలే కాబట్టి గబగబా వెళ్లిపోతుంది. లైన్ల సంఖ్య చూడొద్దు, పక్కపక్క లైన్ల టైముల మధ్య ఎక్కడ పెద్ద గెంతు ఉందో చూడండి.

నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో తరచుగా దొరికే పేర్లు కొన్ని ఉన్నాయి. కొండా (పైథాన్ ప్యాకేజీలు చూసుకునే పరికరం) వేసుకుని "కొండా ఇనిట్" చేసినవాళ్ల .బాష్‌ఆర్‌సీలో ఒక బ్లాక్ చేరుతుంది. అది ప్రతి టెర్మినల్‌కూ కొండాని, అంటే మొత్తం పైథాన్‌ని, ఒకసారి నడుపుతుంది. "ఎన్‌వీఎం" (నోడ్ వెర్షన్లు మార్చుకునే పరికరం) అయితే పెద్ద స్క్రిప్టు చదవడమే కాక, ఏ నోడ్ వెర్షన్ వాడాలో తేల్చుకునే పని కూడా అప్పుడే పెట్టుకుంటుంది. ఎన్‌వీఎం లైను చివర "--నో-యూజ్" చేరిస్తే ఆ రెండో పని మానుతుంది. మీకు కావాల్సినప్పుడు "ఎన్‌వీఎం యూజ్" అని మీరే కొట్టుకోవాలి. కొండాకైతే నేను ఇచ్చే సలహా ఒకటే. ఆ బ్లాక్‌ని ఒక ఫంక్షన్‌లో పెట్టండి, పైథాన్ పని చేసే రోజు ఆ ఫంక్షన్ పేరు కొట్టండి. రోజుకు ఒకసారి వాడే పరికరం కోసం ముప్పైసార్లు టెర్మినల్ తెరిచినప్పుడల్లా ఎదురుచూడటం ఎందుకు?

ప్రాంప్ట్ మొదటిసారి త్వరగానే వచ్చి, ప్రతి ఆదేశం తర్వాతా కాస్త ఆలస్యం అవుతుంటే మాత్రం అది స్టార్టప్ సమస్య కాదు. "ప్రాంప్ట్_కమాండ్" అనే వేరియబుల్‌లో (ఇదీ పెద్దక్షరాలే) ఏముందో చూడండి. ప్రతి ప్రాంప్ట్‌కీ ముందు బాష్ దాన్ని నడుపుతుంది. పెద్ద గిట్ రిపాజిటరీలో ఉన్నప్పుడు బ్రాంచి పేరు, మార్పులు చూపించే ప్రాంప్ట్‌లు ఇక్కడే సమయం తింటాయి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో "ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్" అనే ప్రాసెస్‌లు డజన్ల కొద్దీ పేరుకుపోతున్నాయి. టెర్మినళ్లు అన్నీ మూసేసినా పోవడం లేదు. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి?

జవాబు: పైన చెప్పిన, నిజంగా వెనకాల మిగిలిపోయే రకం ఇదే. ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే మార్గం, దాని తాళాల్ని మెమరీలో పట్టుకుని ఉండే ప్రోగ్రామే ఈ ఏజెంట్. మీ .బాష్‌ఆర్‌సీలో "ఇవాల్" తో మొదలై ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్‌ని పిలిచే లైను ఉండి ఉంటుంది. ట్యుటోరియల్స్ చూసి చాలామంది దాన్ని అలాగే అతికించేస్తారు. ఏజెంట్ మొదలవగానే టెర్మినల్‌తో సంబంధం తెంచుకుని విడిగా బతుకుతుంది. అది అలా చేయాలనే రాశారు. విండో మూసినా దానికి కబురు అందదు. కాబట్టి ఎన్ని విండోలు తెరిస్తే అన్ని ఏజెంట్లు. ఒక్కో ఏజెంట్‌లో మీరు ఎక్కించిన తాళం అలాగే మెమరీలో ఉంటుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ సంగతే.

కొంతమంది ".బాష్_లాగౌట్"లో ఏజెంట్‌ని చంపే లైను రాస్తారు. అది లాగిన్ షెల్ ముగిసినప్పుడే నడుస్తుంది. మామూలు టెర్మినల్ విండో చాలా లైనక్స్‌లలో లాగిన్ షెల్ కాదు కాబట్టి ఆ లైను ఎప్పటికీ నడవదు.

మొదట ఆ ఇవాల్ లైను తీసేసి, కంప్యూటర్ నుంచి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. టెర్మినల్ తెరిచి "ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -ఎల్" కొట్టండి. చాలా డెస్క్‌టాప్‌లు లాగిన్‌లోనే ఒక ఏజెంట్‌ని పెట్టేస్తాయి. తాళాల జాబితా వచ్చినా, తాళాలేమీ లేవని వచ్చినా, ఏజెంట్ ఉన్నట్టే. ఇంకేమీ చేయనక్కర్లేదు.

ఏజెంట్‌ని చేరలేకపోతున్నానని వస్తే అప్పుడు మీరే ఒకటి పెట్టుకోవాలి, కానీ అన్ని టెర్మినళ్లకూ కలిపి ఒక్కటే. అందుకు సాకెట్ ఫైలుకు (ఏజెంట్‌తో మాట్లాడే దారి అదే) ఒక స్థిరమైన చోటు ఎంచుకోండి, ".ఎస్‌ఎస్‌హెచ్" డైరెక్టరీలో అయితే మంచిది. "ఎస్‌ఎస్‌హెచ్_ఆథ్_సాక్" (పెద్దక్షరాలు) ఎప్పుడూ ఆ చోటునే చూపేలా .బాష్‌ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ చేయండి. దాని కింద "ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -ఎల్" నడిపి, వచ్చిన ఎగ్జిట్ కోడ్ చూడండి. 0 అంటే తాళాలున్నాయి, 1 అంటే ఏజెంట్ ఉంది గానీ తాళాలు లేవు, 2 అంటే ఏజెంటే అందడం లేదు. 2 వస్తేనే పాత సాకెట్ ఫైలును తీసేసి, "ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ -ఏ" పక్కన ఆ చోటు ఇచ్చి మొదలుపెట్టండి. పాత ఫైలు తీసేయడం మరిచిపోతే కొత్త ఏజెంట్ మొదలవదు. "-టీ" తో గడువు కూడా ఇవ్వండి, ఆ సమయం దాటాక తాళాలు మెమరీలోంచి వాటంతటవే పోతాయి. అడిగినా అడగకపోయినా ఈ గడువు మాట అందరికీ చెబుతాను.

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆహ్వాన సందేశం కూడా వస్తుంది, ఆ తర్వాత ప్రాంప్ట్ రాదు. అందరికీ ఇదే పరిస్థితి. రీబూట్ చేయక తప్పదా?

జవాబు: రీబూట్ ఆఖరి మాట. పాస్‌వర్డ్ దాటి ఆగిందంటే లాగిన్ అయిపోయింది, షెల్ కూడా మొదలైంది, ఏదో స్టార్టప్ ఫైల్లోని ఒక లైను ముగియడం లేదు. అందరికీ ఆగుతోందంటే ఉమ్మడి ఫైళ్లనే అనుమానించాలి. "/ఈటీసీ/ప్రొఫైల్" తన వంతుగా "/ఈటీసీ/ప్రొఫైల్.డీ" డైరెక్టరీలో ".ఎస్‌హెచ్" తో ముగిసే ప్రతి ఫైలునూ చదువుతుంది. ఏ ప్యాకేజీ అయినా, ఏ అడ్మిన్ అయినా అక్కడ ఒక ఫైలు పడేయొచ్చు.

నేను పని చేసిన ఒక చోట అచ్చం ఇలాగే జరిగింది. డిస్కులో ఎంత ఖాళీ ఉందో లాగిన్ అవగానే చూపిస్తే బాగుంటుందని ఎవరో ప్రొఫైల్.డీలో "డీఎఫ్" పెట్టారు. మంచి ఉద్దేశమే. కొన్నాళ్లకు నెట్‌వర్క్ మీద మౌంట్ చేసిన ఒక డ్రైవ్ తాలూకు సర్వర్ పడిపోయింది. డీఎఫ్ ప్రతి డ్రైవ్‌నూ పలకరిస్తుంది కదా, ఆ డ్రైవ్ దగ్గర జవాబు కోసం ఆగిపోయింది. దాని వెనక బాష్ ఆగింది, దాని వెనక మనిషి. మేం లోపలికి వెళ్లింది ఇలా:

ఎస్‌ఎస్‌హెచ్ -టీ సర్వర్‌పేరు బాష్ --నోఆర్‌సీ --నోప్రొఫైల్

ఇలా ఆదేశం ఇచ్చి వెళ్తే లాగిన్ షెల్ పుట్టదు, కాబట్టి /ఈటీసీ/ప్రొఫైల్ చదవదు. ప్రాంప్ట్ వెంటనే వచ్చింది. "పీఎస్ -ఈఎఫ్ --ఫారెస్ట్" కొట్టి చూస్తే "-బాష్" అనే పేర్లు వరుసగా, ఒక్కోదాని కింద ఒక డీఎఫ్ వేలాడుతూ కనిపించింది. పేరు ముందు ఆ గీత ఉంటే అది లాగిన్ షెల్ అని అర్థం. అలా ఆగిన ప్రాసెస్ స్థితి "డీ" అని ఉంటుంది, అంటే కెర్నల్‌లో జవాబు కోసం ఎదురుచూస్తోంది. మామూలుగా కిల్ కొట్టినా వినదు. ప్రొఫైల్.డీలో ఆ ఫైలు పేరు చివర ".ఆపు" అని చేర్చగానే కొత్త లాగిన్లు మామూలైపోయాయి.

మీ దగ్గర డీఎఫ్ కాకపోవచ్చు, అయినా వెతికే దారి ఇదే. వీలుంటే మీ సహోద్యోగులందరికీ ఒక విన్నపం చేయండి: బయటి నెట్‌వర్క్ మీద ఆధారపడే ఏ ఆదేశాన్నీ ఉమ్మడి స్టార్టప్ ఫైళ్లలో పెట్టొద్దు. తప్పదంటే ముందు "టైమౌట్ 2" అని తగిలించమనండి. డీ స్థితిలో చిక్కుకున్నవాటి మీద టైమౌట్ కూడా అన్నిసార్లూ పని చేయదు, అందుకే నా మొదటి మాట పెట్టొద్దనే.

ప్రశ్న: టెర్మినల్‌లో చక్కగా నడిచే స్క్రిప్టు క్రాన్‌లో పెడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది. స్క్రిప్టు మొదట్లో .బాష్‌ఆర్‌సీని సోర్స్ చేసినా అదే మాట.

జవాబు: క్రాన్ (చెప్పిన సమయానికి ఆదేశాల్ని తానే నడిపే ప్రోగ్రాము) మీ ఆదేశాన్ని "/బిన్/ఎస్‌హెచ్"తో నడుపుతుంది. ఉబుంటులో అది బాష్ కాదు, 2006లో వచ్చిన 6.10 నుంచీ అది డాష్ అనే మరో షెల్. లాగిన్ ఉండదు, ప్రాంప్ట్ ఉండదు, కాబట్టి పైన చెప్పిన ఫైళ్లేవీ చదవదు. పాత్ (ప్రోగ్రాముల్ని వెతికే డైరెక్టరీల జాబితా) కూడా చాలా చిన్నది ఇస్తుంది. మీరు సోర్స్ చేసినా ఎందుకు పని చేయలేదంటే, ఉబుంటు .బాష్‌ఆర్‌సీ మొదట్లోనే ఒక చిన్న పరీక్ష ఉంటుంది. మనిషి ఎదురుగా కూర్చుని వాడుతున్న షెల్ కాకపోతే అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపొమ్మంటుంది. మీరు కింద రాసుకున్న పాత్ లైను దాకా రానే రాదు. ఆ పరీక్షను తీసేయకండి, అది అవసరం. క్రాన్‌ట్యాబ్‌లో పైన "పాత్=" (పెద్దక్షరాలు) అని పూర్తి జాబితా రాయండి. అక్కడ $పాత్ అని రాస్తే విప్పుకోదు, డైరెక్టరీలన్నీ విడివిడిగా రాయాల్సిందే.

ప్రశ్న: నా .బాష్‌ఆర్‌సీ చివర నేను రాయని లైన్లు ఉన్నాయి. ఇది ప్రమాదమా?

జవాబు: నూటికి నూరు కాకపోయినా ఎక్కువసార్లు అవి మీరు ఇన్‌స్టాల్ చేసిన పరికరాలు రాసుకున్నవే. పైన చెప్పిన కొండా, ఎన్‌వీఎం అలాగే చేస్తాయి, చాలావరకు తమ పేరు కామెంట్‌లో పెడతాయి కూడా. కానీ అనుమానం పెట్టుకోవడం మంచిదే. ఒకసారి లోపలికి వచ్చిన దొంగ ప్రోగ్రాము, మీరు టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ బతకడానికి వాడుకునే తెలిసిన చోట్లలో ఇదొకటి. దాడుల పద్ధతుల్ని నమోదు చేసే మైటర్ అటాక్ జాబితాలో దీనికి టీ1546.004 అని విడిగా నంబరే ఉంది.

చూడాల్సినవి ఇవి. ఇంటర్నెట్ నుంచి ఏదో దించి నేరుగా షెల్‌లోకి పంపే లైను, "బేస్64" విప్పి నడిపే లైను, "సుడో"నో "ఎస్‌ఎస్‌హెచ్"నో మారుపేరుగా మార్చేసే ఏలియాస్, "/టీఎంపీ" అనే తాత్కాలిక డైరెక్టరీలోని ఫైలును నడిపే లైను. వీటిలో ఏది కనిపించినా ఆ లైనును మరో ఫైల్లో భద్రపరిచి, ఇక్కడ తీసేసి, తెలిసినవాళ్లకు చూపించండి. పాస్‌వర్డ్లు ఇంకో కంప్యూటర్ నుంచి మార్చండి. అలాగే ఎడిటర్‌లో ఫైలు చివరిదాకా, కుడివైపు చివరిదాకా కూడా వెళ్లి చూడండి. మామూలు లైనుకు బోలెడు ఖాళీలు పెట్టి, తెర బయట రాసే అలవాటు కూడా ఉంది.

ఫైళ్లు చూసినంత మాత్రాన సరిపోని సందర్భం చరిత్రలో ఒకసారి వచ్చింది. 2014 సెప్టెంబర్ 24న బయటపడ్డ షెల్‌షాక్. బాష్ మొదలయ్యేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఫంక్షన్లు ఉంటే వాటిని కూడా చదువుకుంటుంది. ఫంక్షన్ ముగిశాక వెనక ఇంకేమైనా రాసి ఉంటే అప్పట్లో దాన్నీ నడిపేసేది. వెబ్ సర్వర్లు బయటివాళ్లు పంపిన మాటల్ని అలాంటి వేరియబుల్స్‌లో పెట్టి బాష్‌ని పిలిచేవి, ఇంకేముంది. ఆ లోపం 1989 నాటి బాష్ నుంచీ ఉంది, పాతికేళ్లు ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు దిద్దారు గానీ, పాత సర్వర్లను అప్‌డేట్ చేయకుండా వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ చేతిలో అలాంటిది ఉంటే ఈ వారమే చేయండి.

ప్రశ్న: మాక్‌లో .బాష్‌ఆర్‌సీ రాశాను. ఏమీ మారలేదు.

జవాబు: 2019లో వచ్చిన కాటలీనా నుంచి మాక్‌లో కొత్త అకౌంట్లకు షెల్ జెడ్‌షెల్. అది బాష్ ఫైళ్ల వైపు చూడదు. పైగా మాక్ టెర్మినల్ ప్రతి విండోనూ లాగిన్ షెల్‌గా తెరుస్తుంది. కాబట్టి వరుస ఇలా ఉంటుంది: ".జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్", ".జెడ్‌ప్రొఫైల్", ".జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ", ".జెడ్‌లాగిన్". ప్రతిదానికీ ముందు ఈటీసీలో ఉన్న ఉమ్మడి ఫైలు ఉంటే అది చదువుతుంది. మీ ఏలియాస్‌లన్నీ .జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలో పెట్టండి. పాత్ లైనును మాత్రం .జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్‌లో పెట్టకండి. దాని తర్వాత ఉమ్మడి జెడ్‌ప్రొఫైల్ "పాత్_హెల్పర్" అనే ప్రోగ్రామును నడుపుతుంది, అది సిస్టమ్ డైరెక్టరీలను ముందుకు తెచ్చి మీవి వెనక్కి నెట్టేస్తుంది. మీ హోమ్‌లోని .జెడ్‌ప్రొఫైల్‌లో రాస్తే మీరు రాసిన వరుసే నిలుస్తుంది.